ఇసుక కడ్డీల మేడం

మా మేడం చనిపోయిందన్న కబురు నాకు ఆదిభట్ల పోయే కంపెనీ బస్సుల తెలిసింది. ఫోన్ చేసింది జరీనా. ఇబ్రహీంపట్నంల ఇంజినీరింగు చదివేటప్పుడు నా పక్కన కూసున్న దోస్తు. "సుజాతా, మేడం పోయింది" అన్నది. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యకుండ అట్లనే చెవికి ఆనిచ్చుకొని ఉన్నం. బస్సుల అందరు ఎప్పటిలెక్కనే కండ్లు మూసుకొని కునుకుతున్నరు. గేటు కాడ దిగిన గని లోపలికి పోలేదు. రోడ్డు దాటి అవతల ఆటో ఎక్కి వెనక్కి వచ్చిన.

దహనం అయిన తెల్లారి పేపర్ల ఒక చిన్న నివాళి వచ్చింది. రాసినాయన పేరున్న ప్రొఫెసర్. సముద్రం ఒడ్డున గోడలు కట్టాల్నా వద్దా అని సర్కారుకు, కంపెనీలకు సలహాలు చెప్పి పెద్దోడైన మనిషి. మేం ఆయనను పెద్దసారు అనేటోళ్ళం. "ఆమె నాకు కూతురు లాంటిది. నా ప్రోత్సాహంతోనే పరిశోధనలోకి వచ్చింది" అని రాసిండు. చదివి పేపర్ మడిచి పక్కన పెట్టిన.

అందుకే ఇది రాస్తున్న. పోయినోళ్ళ గురించి రాసేటప్పుడు మనసు మెత్తగ ఉండాలంటరు. నా మనసు మెత్తగ లేదు. ఆయన విషయంల మా మేడం మనసు గూడ ఎన్నడూ మెత్తబడలేదు. ఆమె ఆయనను క్షమించకనే పోయింది. ఆ సంగతి ఆమె తరఫున ఎవరన్న ఒకరు చెప్పాలె.

మాది మంచాల. వానకోసం మొగులు దిక్కు చూసే ఊరు. పొద్దుగాల బస్సెక్కి ఇబ్రహీంపట్నం డిపో కాడ దిగి, సాగర్ రోడ్డు మీద కాలేజీకి నడిచేటోళ్ళం. రోడ్డుకు రెండు దిక్కులా కందిచేన్లు పోయి వెంచర్లు పడుతున్న కాలం అది. మొన్న జొన్న కోసిన చెలకల నిన్న రంగు రాళ్ళు పాతి, నేడు జెండాలు కట్టేటోళ్ళు. హైదరాబాదుకు ఇసుక లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతుండె.

మేడం మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పేది. మొదటి క్లాసుకు ఒక బకెట్టు పట్టుకొని వచ్చింది. అండ్ల ఇసుక. టేబుల్ మీద పెట్టి, "ఇదేంటి?" అని అడిగింది.

"ఇసుక మేడం."

"ఇది కూర్చుంటుందా, నడుస్తుందా?"

క్లాసంత నవ్వింది. ఆమె నవ్వలేదు. "నది తీసుకెళ్ళి సముద్రంలో పోస్తుంది. సముద్రం ఊరుకోదు. ఒడ్డు పొడవునా దాన్ని నడిపిస్తూనే ఉంటుంది. ఒక ఊరి ముందు నుంచి తీసి ఇంకో ఊరి ముందు వేస్తుంది. వెనక నుంచి ఇంకొంత వస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. మధ్యలో అడ్డం వేస్తే అప్పుడు తెలుస్తుంది." గంత చెప్పి బకెట్టు కింద పెట్టి, బోర్డు మీద సర్క్యూట్ గీసుడు షురూ చేసింది.

ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. ఆంధ్ర దిక్కు. మాటల 'అండి' ఎక్కువ. మేం "అవ్ మేడం" అంటే మొదట్ల ఆమెకు కోపం వచ్చినట్టు ఉండేది, తర్వాత ఆమెనే అనుడు మొదలుపెట్టింది. చీర కొంగుకు రెండు పిన్నీసులు, వాటికి ఎప్పుడూ రెండు మూడు వైరు ముక్కలు. టిఫిన్ డబ్బాల పై గిన్నెల అన్నం, కింది గిన్నెల బియ్యపుగింజ అంత సెన్సర్లు. చాయ్ పోసుకొని మర్చిపోయి చల్లగైనంక ఒక్క గుక్కల తాగేది. డిపో వెనుక ఒక్క అర్ర కిరాయికి తీసుకొని ఒంటరిగ ఉండేది. పెండ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్న అడిగితే "తీరిక లేదు" అనేది. అది నిజమని మాకు తర్వాత తెలిసింది.

మూడో సంవత్సరంల నన్ను, జరీనాను ప్రాజెక్టుకు ఎంచుకున్నది. ఇసుక ఎంత వచ్చింది, ఎంత పోయింది చెప్పే కడ్డీ చెయ్యాలె. ఉపాయం సాదాసీదగ ఉండె. నిలువెత్తు ప్లాస్టిక్ గొట్టం, అద్దంలెక్క లోపలిది కనిపించేది. అండ్ల పై నుంచి కింది దాక వరుసగ వెలుగును పట్టే చిన్న చిన్న సెన్సర్లు. గొట్టాన్ని సముద్రపు అడుగుల పాతితే, ఇసుకల కూరుకుపోయిన సెన్సర్లకు చీకటి, పైన ఉన్నవాటికి పొద్దటి వెలుగు. చీకటి ఎక్కడ మొదలైతదో అదే ఇసుక మట్టం. పొద్దుకొకసారి గొట్టం తనంతల తానే రాసిపెట్టుకుంటది. ఇసుక ఎక్కితే చీకటి పైకెక్కుతది. ఇసుక పోతే వెలుగు కిందికి దిగుతది.

చెప్పుడు సులువే. చేసుడు మాకు ప్రాణం మీదికి వచ్చింది. మొదటి గొట్టంల నీళ్ళు దూరినయి. రెండోదాంట్ల బ్యాటరీ ఉబ్బింది. జరీనా వాళ్ళ అబ్బాకు ఇబ్రహీంపట్నం మార్కెట్ కాడ వెల్డింగు దుకాణం ఉండె. కడ్డీలు అలకు కొట్టుకుపోకుండ ఇనుప కాళ్ళు ఆయననే చేసిచ్చిండు. "బేటా, సముద్రం నేను చూడలే. గని గాలికి హోర్డింగు ఎట్ల పడుతదో ఎరుక" అని, కాళ్ళను వెడల్పు చేసి అడుగున ఇసుకను పట్టుకునే కొండ్లు పెట్టిండు.

వానలు పడ్డంక పెద్దచెరువుల నీళ్ళు నిలిచినయి. కట్ట పక్కన నీళ్ళల కడ్డీ పాతి పరీక్ష పెట్టినం. నీళ్ళు మస్తు మురికి. బురదనీళ్ళ చీకటి ఏది, ఇసుక చీకటి ఏది కడ్డీకి తెలుస్తలేదు. నాకు ఏడుపొచ్చింది. సర్క్యూట్ బోర్డు తీసి విసిరికొట్టబోయిన. మేడం చెయ్యి పట్టుకున్నది.

"కోపం రానీ. తప్పులేదు. కానీ కోపంలో కొలత తప్పితే నువ్వే ఓడిపోతావు."

ఆమె ఈ మాట మాకు చాలాసార్లు చెప్పింది. ఆ దినం మాత్రం నేను ఎదురడిగిన. "మీకెవరి మీద కోపం మేడం?"

కట్ట రాళ్ళ మీద కూసున్నది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నయి. అప్పుడు చెప్పింది.

ఆమె చిన్నగున్నప్పుడు వాళ్ళ ఊరికి దక్షిణాన ఒక కంపెనీ ఓడల కోసం సముద్రంలకు రాళ్ళగోడ కట్టాలనుకున్నది. ఒడ్డు ఏమైతదో చూసి చెప్పమని పెద్దసారును తెచ్చిండ్రు. ఆయన కారుల వచ్చి, చలికాలంల కొన్ని దినాలు కొలిచి, ఇసుక ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్నదని తేల్చిండు. గోడ కడితే ఇసుక ఉత్తరం దిక్కు ఆగుతది, మీ ఊరి ఒడ్డు ఇంకా పెరుగుతదని ఊరోళ్ళకు చెప్పిండు. మేడం వాళ్ళ నాన్న వేట చేసేటాయన. సభల లేచి అడిగిండట, "వానాకాలంలో నీటి వాటం ఉత్తరానికి తిరుగుతుంది కదండి బాబూ, అప్పుడేమవుద్ది?" అని. పెద్దసారు నవ్వి, "సముద్రం గురించి నువ్వు నాకు చెబుతావా?" అన్నడట. సభంత నవ్వింది. ఆయన కూసున్నడు.

గోడ లేచింది. చలికాలం నాలుగు దినాలు వచ్చే ఇసుక వచ్చింది. మిగతా ఏడాదంత దక్షిణం నుంచి రావలసిన ఇసుక గోడకు ఆగిపోయింది. ఊరి ముందటి ఒడ్డు కరుగుడు మొదలైంది. ముందుగాల వలలు ఆరేసే జాగ పోయింది. తర్వాత తాటిచెట్లు. తర్వాత ఇండ్లు. మేడం వాళ్ళ వంటిల్లు ఒక పొద్దటిపూట కూలింది, పొయ్యి మీద అన్నం కుండ ఉండంగనే. సర్కారు వాళ్ళకు ఊరికి దూరంగ కాలనీల ఇల్లిచ్చింది. సముద్రం కనపడదు. వాళ్ళ నాన్న మంచం మీద పడ్డంక సముద్రం ఉన్న తూర్పు దిక్కు మొఖం పెట్టియ్యమన్నడట. తూర్పున పక్కింటి గోడ. ఆ గోడ దిక్కు చూసుకుంటనే పోయిండు.

"నేను ఇంజినీరింగులో చేరాక ఆయన ఆఫీసుకి వెళ్ళాను" అన్నది మేడం. "కూలిన మా ఇంటి ఫోటో తీసుకెళ్ళాను. చూడలేదు. తుపాన్లు వచ్చి తీసుకెళ్ళాయి, గోడ కాదు అన్నాడు. చదువుకున్న పిల్లవి, ఏడుపులు సైన్సు కాదమ్మా, లెక్క తీసుకురా అన్నాడు."

తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంట మళ్ళ అన్నది.

"తీసుకెళ్తాను. ఆయన బతికుండగానే తీసుకెళ్తాను. నన్ను క్షమించమని మాత్రం ఎవరూ చెప్పొద్దు."

నాకు అప్పుడు అర్థమైంది, ఆమెకు తీరిక ఎందుకు లేదో. ఇంటికి పోయేటప్పుడు బస్సుల జరీనా, "మేడం అంటే భయమైతుంది" అన్నది. నాకు భయం కాలేదు. పంచాయితీల మా బాపును గట్లనే నవ్వి కూసోబెట్టిన మనిషి ఒకడు నాకూ ఎరుకే.

మురికినీళ్ళ తిప్పలు ఆమెనే తీర్చింది. మిట్టమధ్యాహ్నం వెలుగునే లెక్కల పట్టి, పై సెన్సరుతో కింది సెన్సరును పోల్చితే, నీళ్ళల వెలుగు మెల్లగ తగ్గుతది, ఇసుకల ఒక్కసారే ఆరిపోతది. ఆ ఒక్కసారి ఆరిపోయే జాగనే మట్టం. చెరువు అడుగుల చెయ్యి పెట్టి చూస్తే కడ్డీ చెప్పిన కాడనే ఉన్నది. జరీనా వాళ్ళ అబ్బా అందరికీ ఇరానీ చాయ్ తాగిపిచ్చిండు.

ఎండాకాలం సెలవులకు కడ్డీలన్నీ గోనెసంచుల్ల చుట్టుకొని రైల్ల పోయినం. సముద్రం చూసుడు నాకు అదే మొదటిసారి. అందరు చెప్పినంత అందంగ అనిపియ్యలేదు. ఒడ్డు మీద కూలిన ఇంటి సగం గోడ నిలబడి ఉన్నది, దానికి నీలం రంగు, మేకుకు ఒక క్యాలెండర్ దారం. దాని ముందట అన్నీ నీళ్ళే. మేడం వాళ్ళ తమ్ముడు పడవ తెచ్చిండు. రాళ్ళగోడకు దక్షిణాన కొన్ని, ఉత్తరాన కొన్ని కడ్డీలు పాతినం. ఒక కడ్డీని మాత్రం మేడం తనే పట్టుకొని ఒడ్డుకు దగ్గర, ఛాతీ లోతు నీళ్ళలకు నడిచింది. అటు చూసి ఇటు చూసి, కాలితోని అడుగు తడిమి, ఒక్క కాడ నిలబడ్డది. "ఇక్కడ" అన్నది. గొట్టం మీద గీసిన ఎర్రగీత ఇసుకకు సమంగ వచ్చేదాక నేను ఇనుప కాళ్ళు తొక్కి పట్టిన.

ఏడాది పొడుగూతా కొలవాలె. పెద్దసారు చలికాలం ఒక్కటే కొలిచిండు. మేం ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ కొలవాలె. సెలవు దొరికినప్పుడల్లా మేడం పోయేది. కడ్డీల టోపీలు తీసి, లోపల రాసుకున్నది తీసుకొని వచ్చేది. వానాకాలం నడిమిట్లనే కథ తెలిసిపోయింది. దక్షిణం దిక్కు కడ్డీలు ఇసుకల మునుగుతున్నయి. ఉత్తరం దిక్కువి కాళ్ళు తేలుతున్నయి. అన్నిటికన్న పెద్ద సంగతి ఏందంటే, ఆ ఏడాది అక్కడ తుపానే రాలేదు. గాలివాన లేకుండ, ఏ గొడవ లేకుండ, మామూలు దినాలల్లనే ఇసుక పొద్దుకింత పొద్దుకింత పోయింది. కడ్డీలు అదంత చూసినయి.

అట్ల ఏడాది ఇంక నిండుతదనంగ పెద్దసారు మా కాలేజీకి వచ్చిండు.

కాలేజీకి కొత్త కోర్సులు ఇయ్యాల్నా వద్దా అని చూసే కమిటీల ఆయన ఉన్నడు. చైర్మన్ సారు దండలు, శాలువాలు తెప్పిచ్చిండు. వెంచర్లు వేసి, ఆ పైసలతోని కాలేజీ పెట్టిన మనిషి ఆయన. ఆ కోర్సుల మీద ప్రాణం పెట్టుకొని ఉన్నడు. ల్యాబులు చూసుకుంట పెద్దసారు మా బల్ల కాడికి వచ్చి, కడ్డీ చేతులకు తీసుకున్నడు.

"బావుందమ్మా. పిల్లలు చేశారా? ఎక్కడ పెట్టారు?"

మేడం ఆయన మొఖం దిక్కే చూస్తున్నది. ఆయన గుర్తుపట్టలేదు. తన బతుకంత తలుచుకున్న మనిషి ముందటికి వచ్చి నిలబడ్డడు, ఆయనకు ఆమె ఎవరో తెల్వదు.

"మీరు కట్టొచ్చని చెప్పిన గోడకి రెండు పక్కలా పెట్టాం సార్" అన్నది. ఊరి పేరు చెప్పింది.

ఆయన కడ్డీని మెల్లగ బల్ల మీద పెట్టిండు. "ఎవరు పర్మిషన్ ఇచ్చారు?"

"మీరే సార్. లెక్క తీసుకురమ్మన్నారు."

గంతే. ఆయన శాలువ సర్దుకొని పోయిండు. వారం తిరగకముందే మా ల్యాబుకు తాళం పడ్డది. మేడంను పిలిచి, సముద్రం పని బంజెయ్యి లేకుంటే కాలేజీ బంజెయ్యి అన్నరు. ఆమె అటెండెన్సు రిజిస్టర్ టేబుల్ మీద పెట్టి బయటికి వచ్చింది. టిఫిన్ డబ్బా ఒక్కటే పట్టుకున్నది. గేటు కాడ మేం ఆపితే, "కడ్డీలు సముద్రంలో ఉన్నాయి. దానికి తాళం వేయలేరుగా" అన్నది.

మా బాపుకు గూడ ఫోన్ పోయింది. నీ బిడ్డ ఆ మేడం వెంట తిరిగితే పరీక్ష రాయనియ్యమని కాలేజీ మనిషి చెప్పిండట. బాపు చెలకల నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, నన్ను పిలిచిండు.

"ఆ మేడం తప్పు చేసిందా?"

"లేదు బాపు."

"మరి వాళ్ళు భయపడుతున్నరంటే ఏందో ఉన్నట్టే. పో. పరీక్ష సంగతి నేను చూస్త."

ఎట్ల చూసుకున్నడో గని నన్ను పరీక్ష రాయనిచ్చిండ్రు. ఆ కొన్ని నెలలు మేడం డిపో వెనుక అర్రల ట్యూషన్లు చెప్పుకుంట బతికింది. జరీనా వాళ్ళ మిద్దె మీద మేం ముగ్గురం కూసొని ఏడాది లెక్కంత ఒక్క కాడికి తెచ్చినం. ఆమె ఒక్క అంకెను గూడ అట్ల ఇట్ల కానియ్యలేదు. మాకు లాభమయ్యే దిక్కు ఒక కడ్డీ జర అనుమానంగ ఉంటే, దాని లెక్క మొత్తం తీసేసింది. "ఒక్క అబద్ధం దొరికినా ఆయన నవ్వుతాడు. ఆయన నవ్వకూడదు" అన్నది.

ఎందుకంటే అప్పటికి కంపెనీ ఆ గోడను ఇంకా పొడుగు పెంచుతమని అర్జీ పెట్టింది. మళ్ళ పెద్దసారే ఏం కాదని రాసిచ్చిండు. ఊరోళ్ళ అభిప్రాయం అడిగే సభ పెట్టిండ్రు. మేం ముగ్గురం పోయినం. షామియానా, కుర్చీలు, పోలీసులు. జిల్లా నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు నడిమిట్ల, పక్కన పెద్దసారు. ఊరు ఊరంత ఎండల నిలబడ్డది.

మేడం మైకు తీసుకున్నది. నమస్కారం పెట్టింది.

"సార్, మీరు మొదటిసారి ఏ నెలల్లో కొలిచారు?"

"అదంతా రిపోర్టులో ఉంది."

"నోటితో చెప్పండి సార్. వీళ్ళల్లో చాలామందికి చదువు రాదు."

ఆఫీసరు చూస్తుండు. ఆయన చెప్పక తప్పలేదు. "డిసెంబరు, జనవరి."

"రెండోసారి?"

ఆయన నీళ్ళు తాగిండు. "జనవరి."

"వానాకాలంలో ఎప్పుడైనా కొలిచారా?"

"ఆ సీజన్‌లో పని చేయడం కష్టం."

"మేం చేశాం" అన్నది మేడం. ఒక పెద్ద చార్టు విప్పి మేం ఇద్దరం చెరొక దిక్కు పట్టుకున్నం. గోడకు అటుపక్క ఇసుక ఎట్ల పెరిగిందో, ఇటుపక్క ఎట్ల పోయిందో నెలనెలా గీసి ఉన్నది. తుపాను లేని ఏడాది అని ఆమె చెప్పింది. ముసలోళ్ళు అవునని తలలూపిండ్రు. పెద్దసారు లేచి, ఇవి కాలేజీ పిల్లల బొమ్మలు, వీటిని నమ్మలేమన్నడు.

"నమ్మొద్దు సార్. చూడండి. కడ్డీ అక్కడే ఉంది" అని నీళ్ళ దిక్కు చెయ్యి చూపింది. "పాతిన రోజు ఇసుక ఎర్రగీత దాకా ఉంది. ఇప్పుడెక్కడుందో మీ చేత్తో చూసి ఈ ఆఫీసరు గారికి చెప్పండి. పడవ అక్కర్లేదు. ఇప్పుడు నీళ్ళు వెనక్కి తగ్గాయి, ఛాతీ లోతే."

అప్పుడు ఆఫీసరు బూట్లు విప్పుడు మొదలుపెట్టిండు. ఆయన విప్పినంక పెద్దసారు కుర్చీల కూసోలేకపోయిండు. ప్యాంటు మడిచి, ఇద్దరు మత్స్యకారులు చెరొక రెక్క పట్టుకుంటే నీళ్ళలకు దిగిండు. సముద్రం ఆ దినం నెమ్మదిగనే ఉన్నది. మేడం ముందు నడిచింది, ఆఫీసరు, నేను వెనుక. కడ్డీ కాడ ఆగి, "వంగి చూడండి సార్" అన్నది. ఆయన వంగిండు. ఎర్రగీత కాడ ఇసుక లేదు. ఇంకా వంగిండు. అల వచ్చి నెత్తి మీదికెళ్ళి పోయింది. కండ్లద్దాలు కొట్టుకుపోయినయి. ఆయన మళ్ళ వంగి, అడుగున ఇనుప కాళ్ళ దాక తడిమి లేచిండు.

"ఎక్కడుంది సార్?" ఆఫీసరు అడిగిండు.

"కింద" అన్నడు పెద్దసారు. "అడుగున ఉంది."

అప్పుడు మేడం చెప్పింది. గట్టిగ గాదు. పక్కనే ఉన్న నాకు, ఆయనకు వినపడేంత. "మీరు నిలబడ్డది మా వంటిల్లు సార్. ఆ రోజు సభలో మీరు నవ్వి కూర్చోబెట్టిన మనిషి ఇల్లు."

ఆయన ఆమె దిక్కు అప్పుడు చూసిండు. అద్దాలు లేవు గాబట్టి ఎంత కనపడ్డదో నాకు తెల్వదు.

గోడ పొడుగు పెంచే పని ఆగిపోయింది. ఏడాదంత మళ్ళ కొలవాలని, ఆ కొలిచేటోళ్ళల్ల పెద్దసారు ఉండొద్దని రాసిండ్రు. గంతవరకే. పాత గోడ అట్లనే ఉన్నది, పోయిన ఇండ్లు రాలేదు. పెద్దసారుకు ఇంకో కాడ సన్మానాలు జరుగుతనే ఉన్నయి. మేడంకు సిటీ అవతల ఇంకో కాలేజీల కొలువు దొరికింది. అక్కడ చాలామందికి చదువు చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి మెల్లగ కుంగిపోయింది. ఆఖరిసారి దవాఖానల చూసినప్పుడు ముక్కుకు గొట్టం, మాట్లాడితే ఆయాసం. నా ఉద్యోగం గురించి అడిగింది, జరీనా పిల్లల గురించి అడిగింది. తర్వాత, "ఆయన ఉన్నాడా?" అన్నది.

"ఉన్నడు మేడం."

"ఉండనీ. బాగా ముసలాడవ్వాలి. అన్నీ గుర్తుండాలి" అన్నది.

ఆమె పోయినంక ఆమెను వెళ్ళగొట్టిన కాలేజీ సాగర్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టింది. మా కాలేజీ ఆణిముత్యమట. చైర్మన్ సారు బొమ్మ పెద్దగ, మేడం బొమ్మ చిన్నగ. తీసెయ్యమని నేను పోయి చైర్మన్ సారును అడిగిన. "పోయినోళ్ళ పేరు మీద గొడవ ఎందుకమ్మా" అన్నడు. జరీనా వాళ్ళ అబ్బా పట్టపగలు నిచ్చెన తెచ్చి, కట్టర్ తోని నాలుగు మూలలు కోసి కిందికి దించిండు. వాచ్‌మన్ అడ్డం వస్తే, "నాతోని తర్వాత మాట్లాడు బేటా, ముందు నిచ్చెన పట్టుకో" అన్నడు. వాడు పట్టుకున్నడు. మేడం బొమ్మ కోసి జరీనా ఇంటికి తీసుకుపోయింది. మిగిలింది అక్కడనే వదిలిపెట్టినం.

కూతురు లాంటిదని రాసినాయనకు నేను చెప్పేది ఒక్కటే. ఆమెకు తండ్రి ఉండె. మీరు ఆయనను చూసిండ్రు.

మేడంను తలుచుకుంటే నాకు ఆమె పాఠం చెప్పుడు యాదికి రాదు. సభ అయిపోయిన ఆ మధ్యాహ్నమే యాదికొస్తది. ఆఫీసరు జీపు ఎక్కి పోయిండు. పెద్దసారు డ్రైవరు అన్నం తినడానికి ఊర్లకు పోయిండు, కారుకు తాళం ఉన్నది. ఆయన తడిబట్టలతోని కారు పక్కన నిలబడ్డడు. గాలి కొడుతున్నది. చొక్కా ఒంటికి అతుక్కొని, నెత్తి మీది నాలుగు వెంట్రుకలు నొసటికి అంటుకొని ఉన్నయి. మేడం వాళ్ళమ్మ చూడలేక, పాకల నుంచి తువ్వాలు తీసి అటు నడవబోయింది. మేడం తల్లి చెయ్యి పట్టుకున్నది.

"ఉండనీ అమ్మా."

"పెద్దాయన కదే."

"ఉండనీ."

మేడం తమ్ముని వలల పాకల చాప మీద కూసున్నం. నేను అడిగిన, "మేడం, ఇప్పుడు మనసు చల్లబడ్డదా?" ఆమె ఆలోచించింది. "లేదు" అన్నది. "కానీ ఆకలేస్తుంది."

వాళ్ళమ్మ పళ్ళెంల అన్నం పెట్టి చేపల పులుసు పోసింది. మేడం కారు కనపడేటట్టు తిరిగి కూసున్నది. ఒక్కొక్క ముద్ద కలిపి, ముల్లు తీసి, నెమ్మదిగ తిన్నది. ఇంకొంచెం పెట్టమన్నది. వాళ్ళమ్మ పెట్టింది. ఎండల నిలబడ్డ ఆ మనిషి మీది నుంచి కన్ను తియ్యలేదు. ఆయన చొక్కా ఆరేదాక ఆమె అన్నం తిన్నది.